గూడుబండికి పెద్ద చక్రములు

మేడారమున సమ్మక్క సారలమ్మల జాతర రెండేండ్ల కొకమాఱు మాఘమాసమున జరుగును. పూర్వము నెక్కొండ ప్రాంతమువారు పిల్లలతో, వంటపాత్రలతో గూడుబండ్లు గట్టుకొని బయలుదేరెడివారు. నేడు బస్సులున్నను, బండి కట్టు ముచ్చట పలువురికి దీరలేదు. ఆ బండికి ఎత్తయిన చక్రములు వేయింపవలెనని ఇంటివారు తలపెట్టినచో, ఇల్లాలు కూడ ఆ మాటలో పాల్గొనుట మేలని మా యభిప్రాయము.

పెద్ద చక్రమున సుఖము గలదు. చిన్నది గుంతలో దిగబడును. పెద్దది దానిపై దొరలిపోవును. పాత కొయ్యచక్రము లంత యెత్తుండుట కిదియే కారణము. ఇనుపపట్టా యిసుకను గోసికొని లోనికి దిగును. గాలి నిండిన వెడల్పాటి రబ్బరు పైపైన నడచును. 1888లో గాలిటైరునకు పేటెంటు పొందిన డన్‌లప్ దొర వృత్తిచే పశువైద్యుడు. మన యెడ్లకు దూరముననుండియే వైద్యము చేసెననవచ్చును!

అయితే చక్రముతో బండితట్టు కూడ పైకి లేచును. ఎత్తయిన బరువు దిగుడున ముందున కొరిగి యెడ్ల మెడలపై బడును. ఎక్కుడున వెనుకకు వాలగా కాడి లేచి, మెడక్రింది త్రాడు గొంతు నొత్తును. జంపన్నవాగువంటి చోట గట్టు దిగునప్పుడు ఎత్తుబండి ప్రక్కకొరిగిన, లోనున్న పసివాండ్రగతి యేమి? మా యింట నొకయేడు ఎత్తుచక్రములు వేయింపగా, అత్తగారు బండి యెక్కలేక ముక్కాలిపీటను గూడ జాతరకు మోయించిరి.

టైరు పెరిగినంతమాత్రమున ఇరుసు బలము పెరుగదు. ఇంకొక బస్తా వేయవచ్చునని యెంచరాదు. ఎత్తు పెంచక వెడల్పు పెంచిన నిసుకదారి కది చాలును. బరువెక్కినపుడు టైరు ప్రక్కల కుబ్బును గనుక, బియ్యము, పాత్రలు, పిల్లలు అందఱు నెక్కిన పిమ్మటనే టైరునకును ప్రక్కపలకకును నడుమ నాలుగువ్రేళ్లు దూరునో లేదో చూడుడు.