‘నడిచే బండిలోంచి తీసినవే అన్నా’... అయినా టెస్ట్ చేయించండి

పాత స్పేర్ పార్టుల షాపుకు వెళ్లి డీజిల్ కారు ఇంజెక్టర్లు అడిగి చూడండి. ఏ ఊరి షాపైనా మొదట వినిపించే మాట ఇదే: ‘‘నడిచే బండిలోంచి తీసినవే అన్నా, కళ్లు మూసుకుని ఏస్కోండి.’’

ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. యాక్సిడెంట్‌లో నుజ్జునుజ్జయిన బండి కూడా ఆ నిమిషం దాకా నడిచిందే కదా! కానీ నడవడం వేరు, సరిగ్గా నడవడం వేరు. నాలుగు ఇంజెక్టర్లలో ఒకటి సగం పాడైనా బండి నడుస్తూనే ఉంటుంది. పొగ కక్కుతూ, టకటకమంటూ, మైలేజీ మింగుతూ నడుస్తుంది. అలాంటి బండిలోంచి తీసిన ఇంజెక్టర్ కూడా ‘నడిచే బండిలోంచి తీసిందే’.

మా తలుపుల వైపు ఇది చిన్న విషయం కాదు. కదిరి ఆస్పత్రికి వెళ్లాలన్నా, గల్ఫ్ పోయేవాళ్లను బెంగళూరు ఎయిర్‌పోర్టులో దింపాలన్నా పిలిచేది పాత డీజిల్ స్విఫ్ట్‌నో, డిజైర్‌నో. ఇదే జిల్లాలో పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కొత్త కార్లు తయారవుతున్నాయి. చూడ్డానికి బాగుంటాయి. మా ఊళ్లలో ఇల్లు గడిపేది మాత్రం సెకండ్ హ్యాండ్ బండే.

ఆ స్విఫ్ట్‌లో ఉన్న 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ నిజానికి ఫియట్‌ది. మారుతి 2007లో దాన్ని స్విఫ్ట్‌కు పెట్టింది. ఇండికా విస్టాలో, పుంటోలో కూడా అదే గుండె. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 రూల్స్ వచ్చేసరికి మారుతి డీజిల్ కార్లకు దండం పెట్టేసింది. అంటే మన చేతిలో ఉన్న ఆ బండ్లన్నీ ముసలివవుతున్నాయి, కొత్తవి రావు. కొత్త ఇంజెక్టర్ కొందామంటే ఒక్కోటి ఐదంకెల ధర. నాలుగు వేయాలంటే కొన్ని పాత బండ్లకు బండి ధరలో మంచి వాటానే పోతుంది. అందుకే అందరూ గుజిరీ బాట పడతారు. అందులో తప్పేం లేదు, టెస్ట్ లేకుండా బిగించడమే తప్పు.

ఆవగింజ కంటే తక్కువ

కారు టైరులో గాలి 2.2 బార్ ఉంటుందనుకుందాం. కామన్ రైల్ డీజిల్ ఇంజన్‌లో ఇంజెక్టర్ దగ్గరికి డీజిల్ గరిష్ఠంగా 1600 బార్ ఒత్తిడితో వస్తుంది, కొన్ని కొత్త ఇంజన్లలో 2000 కూడా. టైరు గాలికి ఏడు వందల రెట్లు పైమాటే. అంత ఒత్తిడిలో, వెంట్రుక కంటే కాస్త పెద్దవైన రంధ్రాల్లోంచి, కంప్యూటర్ చెప్పిన క్షణంలో, చెప్పినంతే డీజిల్ కొట్టాలి. ఇంజన్ 2000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే ఒక్కో ఇంజెక్టర్ వంతు నిమిషానికి 1000 సార్లు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ముందు ఒక చిన్న చుక్క, తర్వాత అసలు డోసు. ఆ ముందు చుక్కను పైలట్ అంటారు. అది ఒకటి రెండు క్యూబిక్ మిల్లీమీటర్లే, అంటే మామూలు ఆవగింజ కంటే తక్కువ. అది సరిగ్గా పడకపోతేనే ఆ టకటక శబ్దం.

ఇంత సన్నటి పని చేసే వస్తువును చేత్తో పట్టుకుని, బల్లకు రెండుసార్లు తట్టి, ‘బాగుంది’ అని చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

బెంచి మీద ఏం జరుగుతుంది?

మా బావ డిజైర్ ఇలాంటి ఇబ్బందిలోనే పడింది. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లపొగ, వణుకు. మెకానిక్ బాటిల్ టెస్ట్ పెట్టాడు. ఇంజెక్టర్లలోకి వెళ్లిన డీజిల్‌లో కొంత వాడకుండా రిటర్న్ పైపులోంచి వెనక్కి వస్తుంది కదా, ఆ పైపులు తీసి నాలుగు చిన్న బాటిళ్లకు పెడతారు. ఇంజన్‌ను కాసేపు ఐడిల్‌లో ఉంచి చూస్తే మూడు బాటిళ్లు ఒకే మట్టంలో ఉన్నాయి, నాలుగోది మాత్రం నిండిపోయింది. ఆ ఇంజెక్టర్ లోపలి వాల్వ్ అరిగింది. దానికోసం తోసిన ప్రెషరంతా వెనక్కి కారిపోతోంది.

బావ బెంగళూరు గుజిరీ నుంచి నాలుగు తెచ్చాడు, అక్కడ సెట్టుగానే ఇస్తామన్నారట. ‘‘రేపు పొద్దున్నే బిగించేద్దాం రా బామ్మర్దీ, ఎయిర్‌పోర్ట్ ట్రిప్పుంది’’ అన్నాడు. ‘‘బావా, ట్రిప్పు ఇంకో బండికి ఇచ్చెయ్. ముందు టెస్ట్’’ అని అనంతపురంలో ఒక పంపు కాలిబ్రేషన్ షాపుకు తీసుకెళ్లాను.

అక్కడి పెద్దాయనను అందరూ భాయ్ అంటారు. ఆయన ముందుగా చేసింది టెస్ట్ కాదు, కడగడం. అల్ట్రాసోనిక్ ట్యాంకులో ముక్కు భాగం మునిగేలా పెట్టారు. కార్బన్ పేరుకుని ఉంటే రీడింగులు తప్పు వస్తాయి. ఆ తర్వాత బెంచికి ఎక్కించి కరెంటు ఇవ్వకుండా ప్రెషర్ మాత్రం పెట్టారు. అప్పుడు ముక్కు పొడిగా ఉండాలి. ఒక్క చుక్క కారినా ఫెయిల్. తర్వాత మెషీన్ ఒక్కోదాన్ని వేర్వేరు పరిస్థితుల్లో నడిపింది: ఫుల్ లోడ్, సగం లోడ్, ఐడిల్, పైలట్. ప్రతి చోటా ఎంత డీజిల్ కొట్టింది, ఎంత రిటర్న్ వచ్చింది అని స్క్రీన్ మీద అంకెలు, పక్కనే కంపెనీ ఇచ్చిన హద్దులు. నిజానికి బెంచిలో పోసేది డీజిల్ కాదు, టెస్ట్ ఆయిల్. దాని వేడి కూడా ఒకే స్థాయిలో ఉంచాలి, లేకపోతే చిక్కదనం మారి అంకెలు మారతాయి.

ఫుల్ లోడ్‌లో నాలుగూ పాస్. బావ మొహం వెలిగింది. ఐడిల్‌కు వచ్చేసరికి ఒకటి హద్దు దాటి ఎక్కువ కొట్టింది. ఇంకోదాని రిటర్న్ మరీ ఎక్కువ.

‘‘గట్టిగా తొక్కితే అన్నీ మంచివే బాబూ. మెల్లగా నడిపినప్పుడే దాని గుణం తెలుస్తాది’’ అన్నారు భాయ్.

రెండు మంచివి, రెండు చెడ్డవి. బెంచి లేకుంటే నాలుగూ ఇంజన్‌లోకి పోయేవి.

పోతే ఏమవుతుంది అంటారా? రిటర్న్ ఎక్కువైనదాంతో బండి వేడి మీద స్టార్ట్ కాదు, దారిలో ఆగిపోతుంది. అదైనా నయం. ముక్కులోంచి చుక్కచుక్కగా కారేది ప్రమాదం. ఆ డీజిల్ పిస్టన్ నెత్తి మీద పడి ఒకే చోట మండితే అల్యూమినియం కరిగి తూటు పడుతుంది. లేదంటే సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కిందికి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఇంజన్ ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది, డీజిల్ వాసన వస్తుంది. అప్పుడిక ఇంజెక్టర్ ఖర్చు కాదు, ఇంజన్ ఖర్చు. టెస్ట్‌కు పోయేది కొన్ని వందలు.

షాపు మెట్ల మీదే చూడగలిగేవి

కొనేముందు మీ ఫోన్ తీసి, మీ బండి ఇంజెక్టర్ మీద ఉన్న పార్ట్ నంబరును ఫొటో తీసి పెట్టుకోండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా నంబరు తేడా ఉంటే లోపల నాజిల్ వేరే ఉండొచ్చు, బీఎస్-3 బండిది బీఎస్-4కు పనికిరాకపోవచ్చు. మల్టీమీటర్ ఉంటే కాయిల్ రెసిస్టెన్స్ చూడండి. సోలెనాయిడ్ రకం డీజిల్ ఇంజెక్టర్లకు ఇది ఒక ఓమ్ లోపే ఉంటుంది, కాబట్టి ముందు మీటర్ వైర్లు రెండూ కలిపి చూసి ఆ అంకె తీసేయాలి. పిన్నుకూ బాడీకీ మధ్య కనెక్షన్ అసలు ఉండకూడదు. ఇవన్నీ చూసినా తేలేది ఒక్కటే, కాయిల్ బతికుందని. డీజిల్ సంగతి కాయిల్ చెప్పదు.

ఒక హెచ్చరిక. ట్రాక్టర్ నాజిళ్లను చేతిపంపు టెస్టర్‌తో చూడటం మన దగ్గర అందరికీ తెలుసు. కామన్ రైల్‌కు ఆ పద్ధతి చాలదు, అది కరెంటు సిగ్నల్ ఇస్తేనే తెరుచుకుంటుంది. యూట్యూబ్ చూసి ఇంజన్ ఆన్‌లో ఉండగా ప్రెషర్ పైపు లూజ్ చేయొద్దు, స్ప్రేకు చెయ్యి అడ్డం పెట్టొద్దు. ఆ ఒత్తిడిలో డీజిల్ చర్మంలోకి సూదిలా దిగిపోతుంది. పైకి చిన్న గాటే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. లోపల కండ కుళ్లిపోతుంది, వేలు తీసేయాల్సి రావొచ్చు. అలా జరిగితే ఇంటికి కాదు, నేరుగా పెద్దాస్పత్రికి వెళ్లి ‘హై ప్రెషర్ డీజిల్ గుచ్చుకుంది’ అని చెప్పాలి.

మామూలు పెట్రోల్ ఎంపీఎఫ్ఐ బండ్లవాళ్లకు ఇంత తలనొప్పి లేదు. ప్రెషర్ మూడు బార్ చుట్టూ, కాయిల్ చాలావాటికి 12 నుంచి 16 ఓమ్‌లు. గాజు గొట్టాల మెషీన్ మీద పెడితే స్ప్రే ఎలా ఉందో, అన్నింటిలో సమానంగా నిండుతోందో, ఆఫ్ చేశాక కారుతోందో కంటికే కనిపిస్తుంది. ఓ-రింగులు మాత్రం కొత్తవి వేయించండి.

అసలు హంతకుడు ట్యాంకులో

టెస్ట్ పాసైన ఇంజెక్టర్ కూడా నెల తిరక్కుండా పోయిందంటే అనుమానించాల్సింది షాపువాణ్ని కాదు, ట్యాంకును. పాతది ఎందుకు చచ్చిందో తేల్చకుండా కొత్తది వేస్తే అదీ అదే దారి పడుతుంది. బావ బండి ఫిల్టర్ విప్పితే అడుగున నీళ్లు. ట్యాంకు కడిగి, ఫిల్టర్ మార్చాకే పని మొదలైంది. ఒకవేళ ఫిల్టర్‌లో మెరిసే ఇనుప పొడి కనిపిస్తే పంపు అరుగుతోందని అర్థం, ముందు దాని సంగతి చూడాలి.

బిగించేటప్పుడు మా వైపు ఎర్రదుమ్ము ఇంకో శత్రువు. ఇంజెక్టర్ మూతులకున్న ప్లాస్టిక్ క్యాపులు చివరి నిమిషం దాకా తీయనివ్వకండి. కింద రాగి వాషర్ కొత్తదే వేయాలి, పాతది తిప్పి వేస్తే కంప్రెషన్ లీకై కార్బన్ గడ్డకట్టి మళ్లీ ఇంజెక్టర్ ఊడిరాదు. నెత్తి మీద అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ ఉంటే, ఆ బండికి కోడింగ్ అవసరమైతే, స్కానర్‌తో ఏ సిలిండర్‌కు ఏది బిగించారో ఎక్కించాలి. కొత్తగా ఉన్నప్పుడు కొలిచిన కోడ్ అది, అరుగుదలను సరిచేయదు. కోడ్ ఎక్కించాం కదా, బెంచి ఎందుకు అనే మెకానిక్‌కు ఈ ముక్క చెప్పండి.

ఇక బేరం. డబ్బులిచ్చేముందే ‘బెంచి టెస్టులో ఫెయిలైతే వాపస్’ అని షాపువాళ్లతో వాట్సాప్‌లో రాయించుకోండి. ఇంజెక్టర్ మీది నంబర్లు కనిపించేలా ఫొటో, గడువు ఎన్ని రోజులో కూడా అందులోనే ఉండాలి. టెస్ట్ షాపులో ప్రింట్ స్లిప్ అడగండి, దాని మీద ఏ ఇంజెక్టర్ రీడింగ్ ఏదో నంబరుతో సహా రాయించండి. స్లిప్ లేకుండా ‘ఓకే సార్’ అని చేత్తో ఊపేస్తే, ఇంకో షాపు చూసుకోండి. వాపస్ షరతుకు ఒప్పుకోని గుజిరీ షాపులో ధర సగానికి తగ్గించినా కొనొద్దు.