అటవీ ప్రయాణానికి పికప్ వాహనాన్ని సిద్ధం చేయడం

అటవీ ప్రయాణానికి పికప్ వాహనాన్ని సిద్ధం చేయడం అనగా ముందు క్యాబిన్, వెనుక ట్రాలీ గల వాహనానికి తగిన పనిముట్లు, నీరు, ఆహారం, మందులు సమకూర్చి, రోడ్డు తెగినప్పుడు లేదా సహాయం ఆలస్యమైనప్పుడు కూడా అందులోని వారు సురక్షితంగా ఉండేలా చేయడం. సొంత వాహనంలో సరంజామాతో సాగే దూర ప్రయాణాన్ని ఆంగ్లంలో ఓవర్‌ల్యాండింగ్ అంటారు. ఆస్ట్రేలియాలో పశువుల మందలను సుదూర ప్రాంతాలకు తోలుకొని వెళ్ళడాన్ని పూర్వం ఈ మాటతో పిలిచేవారు. ఖమ్మం - భద్రాచలం అటవీ సరిహద్దులో ఇది వినోదానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. వరదల కాలంలో రోగిని ఆసుపత్రికి చేర్చడం కూడా వాహనం మీద, దానిని నడిపేవారి నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది.

ప్రాంత స్వరూపం

ఖమ్మం నుండి భద్రాచలం సుమారు 120 కి.మీ. దూరంలో ఉన్నది. విజయవాడ నుండి వచ్చే 30వ నెంబరు జాతీయ రహదారి కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం, చింతూరు మీదుగా ఛత్తీస్‌గఢ్ లోని కుంట, జగదల్‌పూర్ వైపు సాగుతుంది. ఈ రహదారికి ఇరువైపులా టేకు, తునికి, ఇప్ప చెట్లతో కూడిన ఆకురాల్చు అడవులు, కోయ, కొండరెడ్డి గూడేలు ఉన్నవి. 2014లో చింతూరు, కూనవరం తదితర మండలాలు ఆంధ్ర ప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. అందువలన ఒకే రోజు ప్రయాణంలో మూడు రాష్ట్రాల అధికార పరిధులు ఎదురుకావచ్చు.

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు నమోదైంది. అప్పుడు 1965లో ప్రారంభమైన గోదావరి వంతెనపై రాకపోకలను నిలిపివేశారు. గోదావరి పొంగినప్పుడు కూనవరం వద్ద కలిసే శబరి నీరు ముందుకు పోలేక వెనుకకు ఎగదన్నుతుంది. అందుచేత వర్షం లేని రోజున కూడా చింతూరు పరిసరాల రోడ్లు మునిగిపోవచ్చును.

వాహనాలు

భారతదేశంలో మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల కూర్పును ప్రారంభించింది. తరువాతి కాలంలో వచ్చిన కమాండర్ జీపులు, ట్రాక్స్ బండ్లు ఏజెన్సీ గ్రామాలలో బస్సుల కొరతను చాలా వరకు తీర్చాయి. పికప్ తరహాలో బొలెరో పికప్, రెండు వరుసల సీట్లు గల బొలెరో క్యాంపర్ వాడుకలో ఉన్నవి. ఆంధ్ర ప్రదేశ్ లోని శ్రీసిటీలో 2016 నుండి తయారవుతున్న ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్, 2022లో భారతదేశంలో విడుదలైన టయోటా హైలక్స్ సుదూర ప్రయాణాలు చేసేవారు ఎంచుకొనే పికప్‌లలో ముఖ్యమైనవి.

నాలుగు చక్రాలకు శక్తిని అందించే ఏర్పాటు, తక్కువ వేగంలో ఎక్కువ లాగుడు బలాన్నిచ్చే లో గేరు ఉన్న వాహనం బురదలో మెరుగుగా నడుస్తుంది. ఈ సదుపాయం వాహనం కదలడానికే తోడ్పడుతుంది. బ్రేకు వేసినప్పుడు ఆగే దూరాన్ని తగ్గించదు.

బరువు, టైర్లు

ప్రతి వాహనానికి తయారీదారు గరిష్ఠ బరువును నిర్ణయిస్తాడు. మనుషులు, ఇంధనం, సామాను అన్నీ కలిపి ఆ పరిమితిలోపే ఉండాలి. 100 లీటర్ల నీరే 100 కిలోలు తూగుతుంది. ఇనుప చట్రం, పైకప్పు గుడారం, అదనపు బ్యాటరీ చేర్చుకొంటూ పోతే రోగిని పడుకోబెట్టడానికి చోటు గాని, బరువులో మిగులు గాని ఉండదు. బరువైన వస్తువులను ట్రాలీ అడుగున, క్యాబిన్‌కు దగ్గరగా ఉంచి పట్టీలతో బిగించాలి. పైకప్పు మీద బరువు పెరిగితే గురుత్వ కేంద్రం పైకి జరిగి, ఘాటు రోడ్డు మలుపులలో వాహనం పల్టీ కొట్టే ప్రమాదం పెరుగుతుంది.

నల్లరేగడి నేల తడిసినప్పుడు టైరు గాళ్ళలో బంకలా అతుక్కొంటుంది. అటువంటి చోట టైర్లలో గాలిని కొంత తగ్గిస్తే టైరు నేలకు ఎక్కువగా ఆని పట్టు పెరుగుతుంది. తారు రోడ్డెక్కగానే తిరిగి గాలి నింపాలి. కాబట్టి గాలి కొలిచే గేజి, చిన్న పంపు వెంట ఉండాలి.

వాగు దాటడం

ఈ ప్రాంతంలో పెద్ద ప్రమాదం వాగుల మీది చప్టాల వద్ద ఉన్నది. దీనికి కారణం ఆర్కిమెడిస్ సూత్రంతో తెలుస్తుంది. 5 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు గల వాహనపు అడుగుభాగం వైశాల్యం 9 చదరపు మీటర్లు. నీరు అడుగుభాగాన్ని దాటి 10 సెం.మీ. పెరిగితే వాహనం 0.9 ఘనపు మీటర్ల నీటిని తొలగిస్తుంది. అంటే దాదాపు 900 కిలోల బరువును నీరే మోస్తుంది. నీరు లోపలికి చొరబడే కొద్దీ ఈ బలం తగ్గుతుంది గాని, మొదటి కొద్ది క్షణాలలోనే 2 టన్నుల వాహనం తన బరువులో సగం వరకు కోల్పోయి టైర్ల పట్టు తగ్గుతుంది. పక్కనుండి ప్రవాహం తోసే బలం దాని వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కనుక 2 అడుగుల లోతున పారే నీరు చాలా వాహనాలను ఈడ్చుకుపోగలదు.

ఇంజనుకు గాలిని పైనుండి అందించే స్నార్కెల్ గొట్టం సిలిండర్లలోకి నీరు పోకుండా కాపాడుతుంది. అయితే అది వాహనం తేలిపోవడాన్ని ఆపలేదు. నీటి కింద చప్టా కొట్టుకుపోయినదీ లేనిదీ పైనుండి కనబడదు. ప్రవాహం ఉన్న చప్టాను దాటకపోవడమే సరియైన పద్ధతి. వర్షం వెలిసిన తరువాత చిన్న వాగులు కొన్ని గంటలలోనే తీసే అవకాశం ఉన్నది. రాత్రి అక్కడే గడపడానికి తగిన నీరు, ఆహారం ఉన్నవారికి తొందరపడి వాగులో దిగవలసిన అవసరం రాదు. ఈ ప్రాంతంలో సన్నద్ధతకు ముఖ్య ప్రయోజనం ఇదే.

వెంట ఉంచుకోవలసినవి

* మనిషికి రోజుకు 3 నుండి 4 లీటర్ల తాగునీరు, క్లోరిన్ మాత్రలు, నీరు కాచుకొనే పాత్ర
* అటుకులు, వేయించిన పల్లీలు, బెల్లం వంటి వండనవసరం లేని ఆహారం
* గడ్డపార, పార, జాకీ, దాని కింద వేయడానికి మందపాటి చెక్క, తాడు, స్టెప్నీ
* టార్చిలైటు, టార్పాలిన్, దోమతెర (మలేరియా ఉన్న ప్రాంతం కనుక ఇది తప్పనిసరి)
* ఓఆర్ఎస్ పొట్లాలు, కట్టు బట్టలు, మడత స్ట్రెచర్
* పొడి రకం అగ్నిమాపక సాధనం

కూరుకుపోయిన వాహనాన్ని తాడుతో లాగేటప్పుడు ఎవరూ తాడుకు సమీపంలో నిలబడరాదు. తెగిన తాడు ప్రాణాంతకం కాగలదు. వేసవిలో వేడెక్కిన సైలెన్సరు కింద ఎండుటాకులు అంటుకొనవచ్చు. కాబట్టి ఆకులు పరచుకొన్న చోట వాహనాన్ని నిలపరాదు.

పాముకాటు, అత్యవసర వైద్యం

నాగుపాము, కట్లపాము, రక్తపింజర కాటుకు మందు విషవిరుగుడు సూది మాత్రమే. కాటు వేసిన చోట కోయడం, నోటితో పీల్చడం, బిగుతుగా కట్టు కట్టడం హానికరం. కాటుపడిన అవయవాన్ని బద్దతో కదలకుండా ఉంచి, రోగిని నడిపించకుండా పడుకోబెట్టి తీసుకొనిపోవాలి. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి పొరుగు రాష్ట్రాల సరిహద్దు గ్రామాల నుండి కూడా రోగులు వస్తారు. 2005లో ప్రారంభమైన 108 సేవ వాహనం గూడెం వరకు రాలేనప్పుడు, రోగిని డోలీలో రోడ్డు వరకు మోసుకురావడం ఇక్కడ జరుగుతున్నదే. అటువంటి సమయంలో ట్రాలీ ఖాళీగా ఉన్న పికప్ ఎంతో ఉపయోగపడుతుంది.

అడవి లోపల చాలా చోట్ల ఫోను సిగ్నలు అందదు. ఉపగ్రహ ఫోన్లను కేంద్ర టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడరాదు. అందుచేత వెళ్ళే దారిని, తిరిగి వచ్చే సమయాన్ని కాగితం మీద వ్రాసి ఇంటివద్ద ఇచ్చి వెళ్ళడం మంచిది. సిగ్నలు ఉన్న చోట 112కు, జిల్లా విపత్తు కేంద్రపు 1077కు ఫోను చేయవచ్చు.

చట్టపరమైన అంశాలు

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని యజమాని ఇష్టానుసారం మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే స్పష్టం చేసింది. ముందు భాగంలో బిగించే ఇనుప గార్డులను తొలగించవలెనని కేంద్రం 2017 డిసెంబరులో రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. సరకు వాహనంగా నమోదైన పికప్ ట్రాలీలో ప్రయాణికులను ఎక్కించడం నేరం. కిన్నెరసాని అభయారణ్యం, పాపికొండల జాతీయ వనం వంటి రక్షిత ప్రాంతాలలోకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతితోనే ప్రవేశించాలి.