గృహ హింస: స్టేషన్ మెట్లెక్కిన మహిళకు పోలీసులు ఏం చేయాలి?

గృహ హింసకు గురైన మహిళకు రెండు చట్టాలు అండగా ఉన్నాయి. 1983లో ఐపీసీలో చేరిన 498-ఏ సెక్షన్ మొదటిది. 2024 జూలై 1 నుంచి ఇది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా మారింది. నేరం రుజువైతే మూడేళ్ల దాకా జైలు, జరిమానా. రెండోది 2005 నాటి గృహ హింస చట్టం. భర్తను జైలుకు పంపడం ఇష్టం లేకపోయినా దెబ్బలు ఆగాలని, తనను ఇంట్లోంచి గెంటేయకూడదని, పోషణకు డబ్బు ఇవ్వాలని కోరుకునే మహిళ దీని కింద మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

స్టేషన్లలో ఎక్కువగా మరుగున పడేది ఈ రెండో దారే. ఫిర్యాదు అందుకున్న పోలీసు అధికారి రక్షణ ఉత్తర్వుల గురించి, రక్షణాధికారి గురించి, ఉచిత న్యాయ సహాయం గురించి, క్రిమినల్ కేసు పెట్టే హక్కు గురించి ఆమెకు చెప్పి తీరాలని ఈ చట్టంలోని 5వ సెక్షన్ అంటోంది. ఇది ఆ అధికారి ఇష్టాయిష్టాలకు వదిలేసిన విషయం కాదు.

చాలాచోట్ల జరిగేది వేరు. ‘పిల్లలున్నారు, సర్దుకుపోమ్మా’ అంటూ కౌన్సెలింగ్ మొదలవుతుంది. ఇకపై కొట్టనని భర్త కాగితం రాసిస్తాడు, ఇద్దరినీ ఇంటికి పంపేస్తారు. ఆమె కోరుకుంటే కౌన్సెలింగ్ తప్పేమీ కాదు. కానీ ఆ కాగితానికి కోర్టు ఉత్తర్వుకున్న బలం లేదు. మేజిస్ట్రేటు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును భర్త మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయవచ్చు. ఈ తేడా తెలియకుండానే ఆమె మళ్లీ అదే ఇంటికి వెళ్లడం అన్యాయం.

2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 498-ఏ కింద యాంత్రికంగా అరెస్టులు చేయవద్దంది. అరెస్టుకు తొందరపడవద్దంటే ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదని కాదు. ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపడమూ చెల్లదు. అత్తింటి నుంచి వచ్చేసిన మహిళ తాను తలదాచుకున్న చోటే 498-ఏ కేసు పెట్టవచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో అదే కోర్టు తేల్చింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం హింసను ఎదుర్కొన్న మహిళల్లో సాయం కోరినవారు దాదాపు 14 శాతమే. వాళ్లలోనూ ఎక్కువమంది వెళ్లేది పుట్టింటివాళ్ల దగ్గరికి. పోలీసుల దాకా వచ్చేవారు బహు కొద్దిమంది. అందుకే స్టేషన్‌కు వచ్చిన మహిళను తొందరపడి వచ్చిందని అనుకోవడం పొరపాటు. రాలేనివారు అత్యవసరమైతే 112కు, సలహా, ఆశ్రయం కావాలంటే 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. వైద్యం, వసతి, న్యాయ సహాయం ఒకేచోట అందించడానికి సఖి కేంద్రాలున్నాయి.