బూస్టర్ మార్చే ముందు

పాత కారులో బ్రేకు పెడల్ ఉన్నట్టుండి రాయిలా గట్టిపడిందంటే షెడ్డులో ముందుగా వినిపించే మాట, ‘‘బూస్టర్ పోయింది సార్, మార్చేద్దాం’’. ఆ మాట నిజమూ కావచ్చు. కానీ బూస్టర్ తనంతట తాను బలం పుట్టించదు. ఇంజన్ ఇచ్చే వ్యాక్యూమ్‌ను వాడుకుని పనిచేస్తుంది. ఆ వ్యాక్యూమ్ వచ్చే దారిలో ఎక్కడ తేడా జరిగినా నింద మాత్రం బూస్టర్ మీదే పడుతుంది. అందుకే పరీక్షించకుండా మార్చడం డబ్బు దండగే కాదు, ప్రమాదం కూడా. పుల్లలచెరువు నుంచి ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లొచ్చే బండికైనా, గిద్దలూరు నుంచి నల్లమల దాటి నంద్యాల చేరే బండికైనా ఘాట్ రోడ్డు తప్పదు. కొత్త బూస్టర్ బిగించాక కూడా అసలు లోపం అలాగే ఉండిపోతే, అది బయటపడేది దిగుడులో ఏ మలుపు దగ్గరో.

బూస్టర్ అంటే రేకు డబ్బా, మధ్యలో రబ్బరు డయాఫ్రమ్. పెడల్ వదిలి ఉన్నప్పుడు డయాఫ్రమ్‌కు రెండు వైపులా వ్యాక్యూమే ఉంటుంది. తొక్కగానే పెడల్ వైపు గదిలోకి బయటి గాలి వస్తుంది, ఆ గాలి ఒత్తిడి డయాఫ్రమ్‌ను ముందుకు నెడుతుంది. 23 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డయాఫ్రమ్ వైశాల్యం సుమారు 415 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 0.6 కిలోల ఒత్తిడి తేడా వచ్చినా మొత్తం 250 కిలోలకు దగ్గరవుతుంది. కాలికి అంత సాయం ఒక్కసారిగా ఆగిపోతే పెడల్ గట్టిపడక ఏమవుతుంది?

ఆ సాయం ఎక్కడ ఆగిందో చెప్పడానికి మొదట కావలసింది కాలే. బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఇంజన్ ఆపి, పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కితే లోపల మిగిలిన వ్యాక్యూమ్ అయిపోతుంది. పెడల్ మీద కాలు అలాగే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయాలి. పెడల్ కాస్త కిందికి దిగితే వ్యాక్యూమ్ చేరుతోంది, బూస్టర్ స్పందిస్తోంది. దిగకపోతే దారిలోనో డబ్బాలోనో లోపముంది. తర్వాత ఇంజన్‌ను ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆపి, మెల్లగా మూడుసార్లు తొక్కాలి. మొదటిసారి కిందికి వెళ్లి, తర్వాత ప్రతిసారీ పైపైనే ఆగితే వ్యాక్యూమ్ నిలుస్తున్నట్టు. మొదటిసారే గట్టిగా ఉంటే ఎక్కడో గాలి చొరబడుతోంది. ఇక పెడల్ మెత్తగా లోపలికి పోతోందంటే అది బూస్టర్ జబ్బు కాదు. బ్రేక్ ఆయిల్‌లో గాలి చేరడమో, మాస్టర్ సిలిండర్ అరిగిపోవడమో చూసుకోవాలి.

ఇంజన్ ఐడిల్‌లో ఉండగా బూస్టర్ దగ్గర హోస్ పైపు ఊడదీసి చివర బొటనవేలు పెడితే గట్టిగా లాగాలి. లాగకపోతే బూస్టర్‌ను ముట్టుకునే పనే లేదు. ఆయిల్ తగిలి మెత్తబడిన హోస్ పైకి బాగానే కనిపిస్తూ, లాగుడుకు లోపలికి ముడుచుకుపోతుంది. ఆ హోస్ దారిలో ఉండే వన్‌వే వాల్వులో బూస్టర్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, ఇంజన్ వైపు నుంచి పోకూడదు. డీజిల్ బండికి వ్యాక్యూమ్ ఇచ్చేది వేరే పంపు. చాలా బండ్లలో అది ఆల్టర్నేటర్ వెనకే బిగించి ఉంటుంది, ముందు దాన్నే అనుమానించాలి. ఇవన్నీ బాగుండి, తొక్కినప్పుడు పెడల్ దగ్గర ‘స్‌స్’మని ఆగకుండా చప్పుడొస్తూ ఇంజన్ తడబడితే డయాఫ్రమ్ చిరిగిందనుకోవచ్చు. కారకుండానే బ్రేక్ ఆయిల్ తగ్గుతోందా? మాస్టర్ సిలిండర్ నట్లు విప్పి కాస్త ముందుకు జరిపి వెనక తడి ఉందేమో చూడండి. అక్కడి సీల్ పోతే ఆయిల్ బూస్టర్‌లోకి దిగి రబ్బరును తినేస్తుంది, ఇంజన్‌లోకి పోతే తెల్లపొగ వస్తుంది. ఆ సిలిండర్‌ను వదిలేసి బూస్టర్ మాత్రం మార్చితే కొత్తదీ అదే దారిన పోతుంది.

‘‘తొలి అంబాసిడర్‌లకు బూస్టరే లేదు, తిరగలేదా? తీసేస్తే పోలా’’ అనేవారున్నారు. తిరిగాయి, కానీ వాటికి డ్రమ్ బ్రేకులు. తిరిగే డ్రమ్ షూను తనతో లాక్కుని మరింత గట్టిగా అదుముకుంటుంది కాబట్టి కాలి బలం సరిపోయేది. డిస్క్‌కు ఆ గుణం లేదు. బూస్టర్‌ను లెక్కలో పెట్టి చేసిన మాస్టర్ సిలిండర్, పెడల్ ఉన్న బండిలో దాన్ని తీసేస్తే బ్రేకు పడుతుంది గానీ, ఆగే దూరం పెరుగుతుంది. ‘‘పరీక్షలకు టైమెక్కడ?’’ అంటే, కాలితో చేసేవి పది నిమిషాల్లో అయిపోతాయి. పైగా అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. బాగున్న పాత భాగాన్ని విప్పి పారేస్తే మళ్లీ అలాంటిది దొరకడం కష్టం.

డీజిల్ ఆదా అవుతుందని ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో వదిలే అలవాటు ఇంకా ఉంది. అప్పుడు డబ్బాలో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే చాలుతుంది, ఆపైన పెడల్ గట్టిపడుతుంది. కింద ఊరు చేరాక ఆ బండిలో బూస్టర్ మార్చమనడం అన్యాయం. గేరులో దిగి, బ్రేకులు చల్లారాక పై పరీక్షలు చేస్తే చాలు.