ఒక్కో ఆదివారం ఒక్కో దిక్కు

వేసవి సెలవులు వచ్చాయంటే మన గేట్ బజార్ ఇళ్ళల్లో సందడే సందడి. విశాఖపట్నం నుంచీ, శ్రీకాకుళం నుంచీ చుట్టాలు దిగుతారు. వాళ్ళకి ఒక ఉదయం బుఢీ ఠాకురాణి అమ్మవారి దర్శనం, ఒక మధ్యాహ్నం పట్టుచీరల బేరం, ఒక సాయంత్రం గోపాల్‌పూర్ సముద్రం. దాంతో బరంపురం చూడ్డం అయిపోయినట్టే! నాలుగో రోజునుంచి అందరూ టీవీ ముందు చేరతారు.

మా మనవరాలు హైదరాబాదులో చదువుకుంటోంది. ఆ మధ్య ఒక వేసవిలో వచ్చినప్పుడు, "అమ్మమ్మా, మీది ఒడిశా కదా, మరి తెలుగెందుకు మాట్లాడతారని మా బళ్ళో అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?" అంది. మా వారు చరిత్ర పాఠం మొదలుపెట్టబోతుంటే నేనే ఆపాను. చెప్పేకన్నా చూపిస్తే నయం కదా! ఆ వేసవిలో నాలుగు ఆదివారాలు నాలుగు వైపులకి బయల్దేరాం. మీకూ పనికొస్తాయని ఆ వివరాలు రాస్తున్నాను.

ముందు రెండు ముక్కలు చరిత్ర తప్పదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మన బరంపురం మద్రాసు రాజధానిలో ఉండేది. ఒకప్పుడు శ్రీకాకుళం కూడా గంజాం జిల్లాలోదే. అంటే మనవాళ్ళలో చాలామంది ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ చేరలేదు. ఉన్నచోటే ఉన్నారు, సరిహద్దు మారింది. రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరిగారు 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనే. పట్టు నేసే దేవాంగులయితే అంతకన్నా ఎంతో ముందునుంచీ ఉన్నారు. రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో పెద్దరికం ఈనాటికీ నేతవారి కులపెద్ద దేశిబెహెరాదే.

మొదటి ఆదివారం: గోపాల్‌పూర్

ఊరికి 16 కిలోమీటర్లు. మనకి తెలిసిన చోటే, కానీ సాయంత్రం కాకుండా తెల్లవారుజామున వెళ్ళి చూడండి. వేటకెళ్ళిన పడవలు ఒడ్డుకి చేరే వేళ అది. వలలు లాగేవాళ్ళూ, చేపలు వేరుచేసే ఆడవాళ్ళూ మాట్లాడుకునేది తెలుగే. ఇక్కడివాళ్ళు నోళియాలని పిలిచే ఈ మత్స్యకారులు తెలుగువాళ్ళు. "ఏటమ్మా, ఏ ఊరు మీది?" అని ఒకావిడ అడిగేసరికి మా మనవరాలు నోరు తెరుచుకుని చూసింది.

ఒకప్పుడు ఇది పెద్ద రేవు. రంగూన్ వెళ్ళే స్టీమర్లు దూరంగా లంగరు వేసుకుని ఉంటే, మనుషుల్ని మసూలా పడవల్లో అలలు దాటించి అక్కడికి చేర్చేవారు. కూలికోసం, వర్తకం కోసం బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ ఎందరో ఈ ఇసకమీదే అయినవాళ్ళ దగ్గర సెలవు తీసుకున్నారు. 1942లో జపాను సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు చాలామంది అడవులూ కొండలూ దాటుకుంటూ కాలినడకన తిరిగొచ్చారు. రానివాళ్ళూ ఉన్నారు. మా అత్తగారి పెదనాన్న అలా రానివారిలో ఒకరు. ఆ సంగతి మేం ఆరోజు అక్కడే పిల్లకి చెప్పాం.

ఒక హెచ్చరిక. ఇక్కడ కెరటాల ఉధృతి ఎక్కువ, లోతు హఠాత్తుగా వస్తుంది. ఒడ్డున ఉన్న నోళియాలు దిగొద్దంటే దిగకండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది ఈ గోపాల్‌పూర్ దగ్గరే సుమా.

రెండో ఆదివారం: తారాతారిణి, జౌగడ

పురుషోత్తమపూర్ దగ్గర ఋషికుల్యా నది ఒడ్డున కొండమీద అమ్మవార్లు ఇద్దరూ కొలువై ఉన్నారు. మెట్లు 999. ఓపిక లేనివాళ్ళకి రోడ్డుంది, రోప్‌వే ఉంది. చైత్రమాసం మంగళవారాల్లో పిల్లలకి పుట్టువెంట్రుకలు తీయించే జనంతో కొండ కిటకిటలాడిపోతుంది. మొక్కు లేకపోతే ఆ రోజులు మానుకోండి. పైనుంచి ఋషికుల్య వంపు తిరిగే చోటు చూసి తీరాలి.

అక్కడికి దగ్గర్లోనే జౌగడ. జౌ అంటే లక్క. లక్కతో కట్టిన కోట అని స్థానికుల కథ. కోట గట్టు ఆనవాళ్ళ మధ్య ఒక రాతిగుట్ట, దానిమీద అశోకుడి శాసనాలు. గుడీ గోపురం లేవు కాబట్టి జనం తక్కువ. ఈ రాతికి ఒక విశేషం ఉంది. కళింగయుద్ధంలో లక్షమంది చనిపోయారనీ, తనకెంతో బాధ కలిగిందనీ అశోకుడు చెప్పుకున్న 13వ శాసనం వేరే చోట్ల ఉంది గాని, ఇక్కడా ధౌళిలోనూ లేదు. ఓడిపోయినవాళ్ళ గడ్డమీద ఆ మాట చెక్కించలేదన్నమాట! దాని బదులు, ప్రజలంతా తన బిడ్డల్లాంటివాళ్ళేననీ, కారణం లేకుండా ఎవరినీ బంధించవద్దనీ అధికారులకి ఆజ్ఞలు రాయించాడు. తిష్య అంటే మన పుష్యమి నక్షత్రం రోజున వాటిని చదివి వినిపించాలన్నాడు. మా వారు ఈ సంగతి చెబుతుంటే పిల్లలు చప్పుడు చెయ్యకుండా విన్నారు, నమ్మండి!

మూడో ఆదివారం: రంభ

ఖుర్దా వైపు పాసింజరు ఎక్కితే ఛత్రపూర్, గంజాం, హుమ్మా దాటాక రంభ. హుమ్మా దగ్గర ఉప్పుమళ్ళు కిటికీలోంచే కనిపిస్తాయి. చిలకా సరస్సుకి ఇది దక్షిణపు కొస. కొండలు నీళ్ళలోకి దిగినట్టుంటాయి. బోటు మాట్లాడుకుంటే బ్రేక్‌ఫాస్ట్ దీవి, బర్కుడా దీవి చూపిస్తారు. ఈ బర్కుడాలో కాళ్ళు లేని బల్లిజాతి జీవి ఒకటుందని 1917లో శాస్త్రలోకానికి తెలిసింది. దాని పేరులోనే ఈ దీవి పేరుంది. డాల్ఫిన్లకోసం మాత్రం ఇక్కడ బోటువాళ్ళతో పేచీ పెట్టుకోకండి, అవి ఎక్కువగా కనిపించేది పూరీ జిల్లా సాతపడా వైపు. వలసపక్షులు చూడాలంటే చలికాలంలో రావాలి.

నాలుగో ఆదివారం: ఋషికుల్య సముద్రంలో కలిసేచోట

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇక్కడ వేలకి వేలు ఒడ్డుకొచ్చి ఇసకలో గుడ్లు పెడతాయి. శాస్త్రజ్ఞులు దీన్ని గుర్తించింది 1994లోనే. 2023లో ఆరు లక్షలకి పైగా వచ్చాయి. 2024లో ఆ గుంపులు రానేలేదు. నెలా పదిహేను రోజులు దాటాక పిల్లలు బయటికొస్తాయి. పుట్టిన తీరానికే పెద్దయ్యాక తిరిగొస్తాయంటారు. మేం వెళ్ళేటప్పటికి ఆ సందడి అయిపోయింది. ఆఖరున మిగిలిన నాలుగైదు పిల్లలు నీళ్ళవైపు పాకుతూ కనిపించాయి. టార్చిలైటు, ఫ్లాష్ వెయ్యకండి. వెలుగు చూసి అవి దారి తప్పుతాయి. అటవీశాఖవాళ్ళు కంచె వేసినచోట అవతలే నిలబడండి.

ఆ పక్కనే పొడంపేట. సముద్రం ముందుకొచ్చి ఇళ్ళు కూలిపోతే జనం వేరేచోటికి తరలిపోవలసి వచ్చింది. మిగిలిన మొండిగోడలు చూసి మా మనవరాలు, "వీళ్ళ సొంతూరేదని అడిగితే వీళ్ళేం చెబుతారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో ఆదివారం దొరికితే తప్తపాణి వేడినీటి బుగ్గ, ఆపైన గజపతి జిల్లా చంద్రగిరిలో టిబెట్టువాళ్ళ ఊళ్ళూ పెట్టుకోండి.

పులిహోర డబ్బా, మంచినీళ్ళు, గొడుగు ఇంటినుంచే పట్టుకెళ్ళండి. ప్లాస్టిక్ సంచులు తిరిగి ఇంటికి తెచ్చెయ్యండి. వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళనొకరిని కూడా తీసుకెళ్ళండి. రంగూన్ స్టీమర్ల కబుర్లు, పాత రేవు కబుర్లు విన్నవాళ్ళు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఒకరిద్దరికి మించి లేరు. వాళ్ళు చెబుతుంటే పిల్లలచేత ఒక నోటుబుక్కులో రాయించండి. బాగున్నవి మన పత్రికకి పంపితే పదిమందీ చదువుకుంటారు.