బొమ్మ మీద బహుభుజి గీయడం ఎలా?

ఉపగ్రహ చిత్రంలో చెరువు విస్తీర్ణం లెక్కగట్టాలన్నా, పొలం హద్దు చూపాలన్నా, ఎక్స్‌రేలో దెబ్బతిన్న ఎముకను వేరుగా చూపాలన్నా కంప్యూటర్‌తో చేయించే పని ఒక్కటే. హద్దు మీది బిందువులను వరుసగా ఇచ్చి, వాటిని కలుపుతూ బహుభుజి గీయమంటాం. మన హాస్టల్‌లో ఇంజనీరింగ్, ఎం.సి.ఏ. చదివే మిత్రులు ప్రాజెక్టుల్లో ఇందుకోసం పైథాన్ భాషలో ఓపెన్‌సీవీ లైబ్రరీని వాడుతుంటారు. 1999లో ఇంటెల్ సంస్థలో మొదలైన ఈ లైబ్రరీ ఉచితం. కనుక మన వంటివారికి వరం లాంటిది. కాకపోతే మొదటి ప్రయత్నంలోనే చాలామందికి మైనస్ 215 నంబరుతో 'అసర్షన్ ఫెయిల్డ్' అనే ఎర్రర్ ఎదురవుతుంది. దాని వెనుక 'చెక్‌వెక్టర్', 'సీవీ 32ఎస్' అనే అర్థంకాని మాటలుంటాయి. వాటిని చూసి ఈ సబ్జెక్టు మనవల్ల కాదని వదిలేసేవారూ ఉన్నారు. నిజానికి అది మన తెలివికి పెట్టిన పరీక్ష కాదు, ఇచ్చిన లెక్క అమరికలో తేడా ఉందని చెప్పే మాట మాత్రమే.

స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడు ఒక్కో గడిలో ఒక్కో అంకె వేస్తాం కదా! నంబరు సరైనదే అయినా గడులు దాటి రాస్తే యంత్రం చదవదు. ఇక్కడా అంతే. ఓపెన్‌సీవీ లోపలి భాగం సీ ప్లస్ ప్లస్ భాషలో ఉంటుంది. మనం నంపై అర్రేలో బిందువులు పంపినప్పుడు అది మూడు సంగతులు చూస్తుంది.

మొదటిది, ప్రతి బిందువుకూ రెండే అంకెలుండాలి, ఒకటి ఎక్స్, ఒకటి వై. నాలుగు బిందువులుంటే అర్రే ఆకారం 4, 2 కావాలి. 4, 1, 2 అయినా సరిపోతుంది. చెక్‌వెక్టర్ పక్కన కనిపించే 2 అర్థం ఇదే.

రెండవది, ఆ అంకెలు 32 బిట్ల పూర్ణాంకాలై ఉండాలి. సీవీ 32ఎస్ అంటే అదే. సగటు తీసినా, భాగహారం చేసినా అంకెలు దశాంశాలవుతాయి. వాటిని అలాగే పంపితే ఎర్రర్ తప్పదు. ముందు నంపై రౌండ్‌తో సవరించి, ఆ తర్వాత యాజ్‌టైప్‌తో ఇంట్32గా మార్చాలి. రౌండ్ చేయకుండా మారిస్తే 99.9 కాస్తా 99 అయిపోతుంది.

మూడవది, గీయాల్సిన బహుభుజి ఒక్కటే అయినా దాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టి జాబితాగా ఇవ్వాలి. ఫిల్‌పాలీ, పాలీలైన్స్ రెండూ 'బహుభుజుల జాబితా' కోసమే ఎదురుచూస్తాయి. బ్రాకెట్లు మరచిపోతే ఒక్కో బిందువునూ ఒక్కో బహుభుజిగా తీసుకుంటాయి. అర్రే ఆకారం 4, 2 అయితే ఎర్రర్ వస్తుంది. 4, 1, 2 అయితే ఎర్రర్ రాదు, గీతలకు బదులు నాలుగు చుక్కలు మాత్రం కనిపిస్తాయి.

ఒకే బొమ్మ మీద మూడు మూలలది ఒకటి, అయిదు మూలలది ఒకటి గీయాలంటే రెండింటినీ కలిపి ఒకే అర్రే చేయకూడదు. 2022 డిసెంబరులో వచ్చిన నంపై 1.24 నుంచి అలాంటి ఎగుడుదిగుడు అర్రేను అది ఒప్పుకోదు. రెండు వేర్వేరు అర్రేలు చేసి ఒక జాబితాలో పెట్టాలి. ఇక ఎర్రర్‌లో 'లేఅవుట్' అనే మాట వస్తే తప్పు బిందువులది కాదు, బొమ్మది. రంగుల క్రమాన్ని తిరగేసినప్పుడు మెమరీలో వరుస మారుతుంది. నంపై ఆస్‌కంటిగ్యుయస్‌అర్రేతో కొత్త ప్రతి తీసి దాని మీద గీస్తే సరి.

ఎర్రర్ చూపి ఆగిపోయే ప్రోగ్రాం కన్నా, ఏమీ అనకుండా తప్పు జవాబిచ్చే ప్రోగ్రాం ప్రమాదకరం. నంపై బొమ్మను ముందు వరుస, తర్వాత నిలువు వరుస అని లెక్కిస్తుంది, అంటే వై ముందు, ఎక్స్ తర్వాత. ఓపెన్‌సీవీ బిందువుల్లో ఎక్స్ ముందు. ఉదాహరణకు 300 వెడల్పు, 200 ఎత్తు ఉన్న చిత్రంలో ఒక చెరువును దీర్ఘచతురస్రం అనుకుందాం. మూలలు (50, 40), (250, 40), (250, 160), (50, 160). ఫిల్‌పాలీ అంచులతో సహా నింపుతుంది కాబట్టి 201ని 121తో గుణిస్తే 24,321 పిక్సెళ్ళు. ఎక్స్, వై తారుమారు చేస్తే బొమ్మ దాటిన భాగం చప్పుడు చేయకుండా తెగిపోయి 18,150 మాత్రమే మిగులుతాయి. ఎర్రర్ ఏమీ రాదు. సెంటినెల్-2 ఉపగ్రహపు 10 మీటర్ల చిత్రాల్లో ఒక పిక్సెల్ అంటే 100 చదరపు మీటర్లు. అంటే 243.21 హెక్టార్ల చెరువు 181.5 హెక్టార్లుగా తేలుతుంది. సుమారు 152 ఎకరాల తేడా! ఆ చెరువు కింద సాగుచేసే రైతుకు ఇది చిన్న తప్పు కాదు.

కనుక తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! గీయమని చెప్పేముందు షేప్, డీటైప్ రెండూ ప్రింట్ చేసి చూడండి. గీశాక ఆ బొమ్మను కళ్ళతో ఒకసారి సరిచూసుకోండి. అప్పటికీ కుదరకపోతే సీనియర్లం మేమున్నాం, మొహమాటపడకుండా అడగండి. ఎర్రర్ మెసేజ్ ఇంగ్లీషులో ఉందని భయపడవద్దు. ఒక్కో మాట విడదీసి చదివితే ఎక్కడ సరిచేయాలో అందులోనే ఉంటుంది.