టైరు మీదే రాసి ఉంటుంది

కారు మొత్తంలో రోడ్డును తాకేవి నాలుగు టైర్లే. అందులోనూ ఒక్కో టైరు తాకే మేర సుమారు అరచేయంత. బ్రేకులు ఎంత కొత్తవైనా, స్టీరింగ్ ఎంత బాగున్నా బండి ఆగేదీ మలుపు తిరిగేదీ ఆ కాస్త పట్టుతోనే. ఆ పట్టు ఎంత మిగిలిందో చూసుకోవడం అమెరికాలో చాలాచోట్ల కారు సొంతదారు పనే. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీ 2010లోనే సొంత కార్లకు యాంత్రిక తనిఖీలను ఎత్తేసింది. టెక్సాస్ 2025 జనవరి నుంచి వార్షిక భద్రతా తనిఖీని మానేసింది. పెన్సిల్వేనియా, వర్జీనియా, న్యూయార్క్‌లలో ఇప్పటికీ ఏడాదికోసారి టైర్లు చూస్తారు. అక్కడ కూడా ఒక తనిఖీ నుంచి మరో తనిఖీ దాకా అడిగేవారు ఉండరు. టైరు మార్చాలా వద్దా అన్నది తేల్చేవి మూడు: గాడుల లోతు, వయసు, తగిలిన దెబ్బలు.

గాడుల లోతు

టైరు మీది గాడులు ఉన్నది వాన నీటిని పక్కకు తోసేయడానికి. గాడులు అరిగిన కొద్దీ నీరు పోయే దారి తగ్గుతుంది. వేగం పెరిగినప్పుడు టైరు రోడ్డును వదిలి నీటి పొర మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగ్ తిప్పినా, బ్రేకు తొక్కినా బండి మాట వినదు.

అమెరికాలో ఈ లోతును అంగుళంలో 32వ వంతుల్లో కొలుస్తారు. కొత్త కారు టైరుకు సాధారణంగా 10/32 లేదా 11/32 అంగుళాలు ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకునే కనీస లోతు 2/32, అంటే 1.6 మిల్లీమీటర్లు. గాడుల అడుగున అడ్డంగా చిన్న రబ్బరు కట్టలు ఉంటాయి. ట్రెడ్ అరిగి వాటితో సమానమైందంటే లోతు ఆ హద్దుకు చేరినట్టే.

పరికరం లేకపోయినా ఒక సెంటు నాణెం చాలు. లింకన్ తల కిందికి వచ్చేలా నాణేన్ని గాడిలో పెట్టినప్పుడు నడినెత్తి పూర్తిగా కనిపిస్తే 2/32 మిగల్లేదని అర్థం. అయితే తడి రోడ్డు మీద అంతవరకూ ఆగడం ప్రమాదం. మోటారు వాహనదారుల సంఘం ఏఏఏ 2018లో చేసిన పరీక్షల్లో, 4/32కి అరిగిన టైర్లతో గంటకు 60 మైళ్ల వేగంలో ఉన్న కారు తడి రోడ్డు మీద ఆగడానికి కొత్త టైర్ల కంటే సగటున 87 అడుగులు ఎక్కువ తీసుకుంది. అందుకే ఆ సంఘం 4/32 దగ్గరే మార్చమంటుంది. దీనికి క్వార్టర్ నాణెం పనికొస్తుంది: వాషింగ్టన్ నడినెత్తి కనిపిస్తే సమయం వచ్చినట్టే.

లోతును లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున విడివిడిగా చూడాలి. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువగా, మధ్యలోనే అరిగితే గాలి ఎక్కువగా ఉంచి నడిపినట్టు. ఒక్క అంచే అరిగితే చక్రాల అలైన్‌మెంట్ తప్పింది. దాన్ని సరిచేయకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే అరుగుతుంది.

వయసు

రబ్బరు వాడకపోయినా పాతబడుతుంది. ఎండ, వేడి, ఆక్సిజన్ కలిసి దాన్ని గట్టిపరిచి బీటలు తెస్తాయి. ఇంటి నుంచే పనిచేసేవారి కారు టైర్లకు, డిక్కీలో పడి ఉన్న స్టెప్నీకి గాడులు నిండుగానే ఉండొచ్చు, ఆయుష్షు మాత్రం తీరిపోయి ఉండొచ్చు. టైరు పక్క భాగాన డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే సంకేతం చివరి నాలుగు అంకెలే దాని పుట్టిన తేదీ. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. ఈ పూర్తి సంకేతం ఒక్కోసారి టైరు లోపలి వైపునే ఉంటుంది. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. పదేళ్లు దాటితే గాడులు ఎలా ఉన్నా వాడొద్దన్నది టైర్ల తయారీదారుల్లో చాలామంది మాట.

దెబ్బలు

గుంతలో పడ్డాకో, ఫుట్‌పాత్ అంచు తగిలాకో టైరు పక్కన బుడిపె లేస్తే లోపలి దారాలు తెగాయని అర్థం. దానికి మరమ్మతు లేదు, వెంటనే మార్చాలి. దారాలు బయటికి కనిపించినా అంతే. మేకు దిగిన రంధ్రం ట్రెడ్ మధ్యభాగంలో, పావు అంగుళానికి మించకుండా ఉంటే పంక్చర్ వేయించుకోవచ్చు. పక్క భాగంలో అయితే కుదరదు.

2008 మోడళ్ల నుంచి కార్లన్నిటిలో తప్పనిసరైన హెచ్చరిక దీపం గాలి నిర్దేశించిన దానికన్నా 25 శాతం తగ్గినప్పుడే వెలుగుతుంది. అరుగుదల గురించీ వయసు గురించీ అది ఏమీ చెప్పదు.

మార్చేటప్పుడు

రెండే మారిస్తే కొత్తవి వెనక వేయించాలి, ముందు చక్రాలతో నడిచే కారుకైనా సరే. తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని అదుపు చేయడం చాలా కష్టం. ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో నాలుగు టైర్ల లోతులో తేడా ఎక్కువైతే గేర్ల వ్యవస్థ దెబ్బతింటుంది. అందుకే వాటికి సాధారణంగా నాలుగూ ఒకేసారి మారుస్తారు.